ఓసీడీ: తాళం వేశాక ఎన్నిసార్లు లాగి చూస్తున్నారు? భయానికి ఎదురెళ్లే ‘ఈఆర్‌పీ’ థెరపీ ఎలా పనిచేస్తుంది?

ఆబిడ్స్‌లో రాత్రి షాపు కట్టేసేటప్పుడు షట్టర్ దించి, తాళం వేసి, ఒకసారి లాగి చూసుకోవడం అందరూ చేసేదే. కాస్త జాగ్రత్తపరులైతే రెండుసార్లు లాగుతారు. కానీ కొందరు పది సార్లు, ఇరవై సార్లు లాగుతారు. బండెక్కి నాంపల్లి దాకా వెళ్లి కూడా మళ్లీ వెనక్కి తిరుగుతారు. తాళం పడిందని కళ్లకి కనిపిస్తున్నా మనసు ఒప్పుకోదు. చివరికి ఫోన్‌లో తాళం ఫొటో తీసుకుంటారు. ఇంటికెళ్లాక ఆ ఫొటో ఇవాళ్టిదా, నిన్నటిదా అని మళ్లీ అనుమానం!

ఇంట్లోవాళ్లు దీన్ని చాదస్తం అంటారు. చేతులు అదే పనిగా కడిగేవాళ్లైతే ‘నిప్పులు కడిగే రకం’ అని నవ్వుకుంటారు. డాక్టర్లు మాత్రం దీన్ని ఓసీడీ అంటారు. అంటే అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్. దీనికి మందులున్నాయి. మందులతో పాటు దశాబ్దాలుగా పరీక్షకు నిలబడిన ఒక థెరపీ కూడా ఉంది. దాని పేరు ఎక్స్‌పోజర్ అండ్ రెస్పాన్స్ ప్రివెన్షన్.. షార్ట్‌గా ఈఆర్‌పీ. ముల్లును ముల్లుతోనే తీయాలన్న సామెతకి దగ్గరగా ఉండే ఈ పద్ధతి ఏంటి? ఎలా చేస్తారు? ఎవరికి పనికొస్తుంది? వివరంగా చూద్దాం.

చాదస్తమా.. జబ్బా? తేడా ఎక్కడ?

ఓసీడీలో రెండు భాగాలుంటాయి. మొదటిది అబ్సెషన్. వద్దన్నా మనసులోకి దూరే ఆలోచన, అనుమానం, లేదా ఒక దృశ్యం. ‘చేతికి క్రిములు అంటాయేమో’, ‘గ్యాస్ ఆపలేదేమో’, ‘ఎవరికైనా హాని చేస్తానేమో’ లాంటివి. రెండోది కంపల్షన్. ఆ ఆలోచన తెచ్చిన భయాన్ని దించుకోవడానికి చేసే పని. కడగడం, చెక్ చేయడం, లెక్కపెట్టడం, సరిచేయడం, పదే పదే అడగడం.. ఇవన్నీ అందులోకే వస్తాయి. కొన్ని కంపల్షన్లు పైకి కనిపించవు కూడా. మనసులోనే ఒక మాటని ఇన్నిసార్లు అనుకోవాలి, జరిగింది మొత్తం రివైండ్ చేసి చూసుకోవాలి అన్నట్టుగా లోపలే నడుస్తాయి.

శుభ్రంగా ఉండటం జబ్బు కాదు. తాళం రెండుసార్లు చూసుకోవడమూ జబ్బు కాదు. ఈ ఆలోచనలు, పనులు కలిపి రోజులో గంటకు మించి తినేస్తుంటే, లేదా చదువు, ఉద్యోగం, ఇంట్లో సంబంధాలు వీటివల్ల దెబ్బతింటుంటే అప్పుడు డాక్టర్లు దాన్ని ఓసీడీగా చూస్తారు.

ఇది అరుదైన సమస్య కూడా కాదు. 2015-16లో 12 రాష్ట్రాల్లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం పెద్దవాళ్లలో దాదాపు 0.8 శాతం మందికి ఓసీడీ ఉంది. అంటే వెయ్యి మందిలో 8 మంది. ఆ 12 రాష్ట్రాల్లో తెలంగాణ, ఏపీ లేవు. కానీ ఇక్కడ ఆ సంఖ్య సున్నా అవుతుందని ఎవరూ అనుకోరు కదా! ఎక్కువమందిలో ఇది టీనేజ్‌లోనో, ఇరవైల్లోనో మొదలవుతుంది. అంటే సరిగ్గా చదువులు, ఉద్యోగాలు, పెళ్లిళ్ల వయసులో.

2017లో శర్వానంద్ హీరోగా మారుతి డైరెక్షన్‌లో వచ్చిన ‘మహానుభావుడు’తో ఓసీడీ అన్న మాట తెలుగు ఇళ్లల్లోకి బాగా వెళ్లింది. అతి శుభ్రం ఉన్న హీరో కథ అది. అయితే సినిమాలో నవ్వించింది ఇంట్లో నవ్వించదు. బాత్రూమ్‌లో రెండు గంటలు ఉండిపోయి పరీక్ష మిస్సయిన స్టూడెంట్‌కి, సబ్బు వాడీ వాడీ చేతులు పగిలి రక్తమొస్తున్న ఇల్లాలికి అది కామెడీ కాదు.

అనుమానం ఎందుకు పెరుగుతూ పోతుంది?

అనుమానం పెనుభూతం అంటారు. ఆ భూతానికి తిండి ఎక్కడి నుంచి వస్తుందో తెలిస్తే ఈఆర్‌పీ సగం అర్థమైనట్టే.

క్రమం ఇలా ఉంటుంది. ‘తాళం పడలేదేమో’ అన్న ఆలోచన వస్తుంది. గుండె దడ మొదలవుతుంది. వెనక్కి వెళ్లి తాళం లాగి చూస్తారు. హమ్మయ్య అనిపిస్తుంది. సమస్య ఆ ‘హమ్మయ్య’లోనే ఉంది. ‘నేను చెక్ చేశాను కాబట్టే ఏమీ జరగలేదు’ అని మెదడు పాఠం నేర్చుకుంటుంది. రేపు అదే అనుమానం ఇంకాస్త బలంగా వస్తుంది. ఒకసారి లాగితే దిగిన భయం, ఈసారి మూడుసార్లు లాగితే గానీ దిగదు.

వడ్డీ వ్యాపారి దగ్గర చేబదులు లాంటిదే ఇది. చేతిలో డబ్బు పడగానే ప్రాణం లేచొస్తుంది. నెల తిరిగేసరికి వడ్డీతో కలిపి మెడ మీద కూర్చుంటుంది. కంపల్షన్ ఇచ్చే రిలీఫ్ కూడా అంతే. ఎన్నిసార్లు తీసుకుంటే అంత అప్పు.

ఈఆర్‌పీ అంటే ఏంటి?

పేరులోనే రెండు పనులున్నాయి. ఎక్స్‌పోజర్ అంటే భయపెట్టే వస్తువుకి, చోటుకి, ఆలోచనకి కావాలనే, ప్లాన్ ప్రకారం ఎదురెళ్లడం. రెస్పాన్స్ ప్రివెన్షన్ అంటే ఆ తర్వాత అలవాటుగా చేసే కడగడం, చెక్ చేయడం లాంటి పనిని చేయకుండా ఆగడం. ఈ రెండూ కలిస్తేనే థెరపీ. మురికి ముట్టుకుని వెంటనే కడిగేసుకుంటే అది ఈఆర్‌పీ కాదు. ఏమీ ముట్టుకోకుండా ఇంట్లో తలుపేసుకుని కూర్చున్నా కాదు.

ఈ పద్ధతికి దారి వేసింది విక్టర్ మేయర్ అనే సైకాలజిస్ట్. లండన్ మిడిల్‌సెక్స్ హాస్పిటల్‌లో ఇద్దరు పేషెంట్లకు చేసిన చికిత్స గురించి ఆయన 1966లో రాశారు. భయపెట్టే పరిస్థితుల్లో వాళ్లను ఉంచి, పక్కనే సిబ్బంది ఉండి కంపల్షన్లు చేయకుండా చూశారు. ఇద్దరూ బాగా కోలుకున్నారు. అప్పటిదాకా మొండి జబ్బుగా చూసిన ఓసీడీకి అది పెద్ద మలుపు. 1970ల్లో లండన్‌లోనే స్టాన్లీ రాక్‌మన్, ఐజాక్ మార్క్స్ దీన్ని ముందుకు తీసుకెళ్లారు. అమెరికాలో ఎడ్నా ఫోవా ట్రయల్స్‌తో మరింత పదును పెట్టారు. ఇప్పుడు పేషెంట్‌ని ఎవరూ బలవంతంగా ఆపరు. ఆగాలన్న నిర్ణయం పేషెంట్‌దే. థెరపిస్ట్ కోచ్ లాగా పక్కన ఉంటారు.

మెట్లు ఎలా కడతారు?

మొదటి ఒకట్రెండు సెషన్లలో ఎక్స్‌పోజర్ ఉండదు. ఏ ఆలోచనలు వస్తున్నాయి, ఏ పనులు చేస్తున్నారు, వేటిని తప్పించుకుని తిరుగుతున్నారు అన్నది మొత్తం రాసుకుంటారు. తీవ్రత కొలవడానికి యేల్-బ్రౌన్ స్కేల్ వాడతారు. దానిలో మార్కులు 0 నుంచి 40 దాకా ఉంటాయి. తర్వాత ఒక్కో పరిస్థితి ఎంత భయపెడుతుందో 0 నుంచి 100 మధ్య పేషెంటే నంబర్ ఇస్తారు. ఆ నంబర్ల ప్రకారం ఒక నిచ్చెన తయారవుతుంది.

ఉదాహరణకి నాంపల్లిలో ఉండే ఒకమ్మాయికి క్రిముల భయం ఉందనుకుందాం. ఆమె నిచ్చెన దాదాపు ఇలా ఉండొచ్చు.

20: అపార్ట్‌మెంట్ లిఫ్ట్ బటన్ వేలితో నొక్కి, అరగంట చేతులు కడగకుండా ఉండటం.

35: మోజంజాహీ మార్కెట్‌లో పళ్లు కొని, తిరిగిచ్చిన చిల్లర నోట్లను చేత్తో తీసుకుని పర్సులో పెట్టుకోవడం.

45: ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల్ని తిరగేసి, ఒకటి కొని తన టేబుల్ మీద పెట్టుకోవడం.

60: నాంపల్లి మెట్రో స్టేషన్‌లో ఎస్కలేటర్ రెయిలింగ్ పట్టుకుని పైకెళ్లడం.

75: నాంపల్లి రైల్వే స్టేషన్ బెంచి మీద పావుగంట కూర్చుని, ఆ బట్టలతోనే ఇంట్లో సోఫాలో కూర్చోవడం.

90: నుమాయిష్ రోజుల్లో ఎగ్జిబిషన్ గ్రౌండ్ జనంలో రెండు గంటలు తిరిగి, స్నానం చేయకుండా మంచం మీద పడుకోవడం.

కింది మెట్టు సులువయ్యాకే పై మెట్టు. ఒకేసారి నుమాయిష్‌లోకి తోసేయడం ఉండదు. ఇంకో మాట. ఈ లిస్టులో ఏదీ ప్రమాదకరమైన పని కాదు. రోజూ వేలమంది మామూలుగా చేసే పనులే. భోజనానికి ముందు, టాయిలెట్ తర్వాత చేతులు కడుక్కోవడం ఎవరూ మానమనరు. మానాల్సింది తొమ్మిదోసారి కడగడాన్ని.

చెక్ చేసే జబ్బు ఉన్నవాళ్ల నిచ్చెన వేరేగా ఉంటుంది. ఆబిడ్స్ జీపీఓ ఇలాంటివాళ్లకి మంచి ప్రాక్టీస్ చోటు. ఒక కవరు మీద అడ్రస్ రాసి, అంటించి, మళ్లీ చదవకుండా ఎర్ర డబ్బాలో వేసేయాలి. ఒక్కసారి లోపల పడ్డాక తీసి చూసుకునే చాన్స్ లేదు. ‘పిన్‌కోడ్ తప్పు రాశానేమో’ అన్న అనుమానాన్ని వెంటేసుకునే ఇంటికి రావాలి. షాపు తాళం కథలో అయితే ఒకసారి లాగడం, వెనక్కి చూడకుండా బండెక్కడం, ఫొటో తీయకపోవడం.. ఇవే మెట్లు.

సెషన్‌లో ఏం జరుగుతుంది?

మామూలుగా వారానికి ఒకటో రెండో సెషన్లు ఉంటాయి. ఒక్కోటి గంట నుంచి గంటన్నర. మొత్తం 12 నుంచి 20 దాకా పట్టొచ్చు. సమస్య తీవ్రంగా ఉంటే ఇంకా ఎక్కువే.

రెయిలింగ్ పట్టుకున్న తర్వాత మొదటి నిమిషాలు కష్టంగా ఉంటాయి. భయం నంబర్ 60 అనుకున్నది 75కి పోవచ్చు. చెమటలు పడతాయి, ‘ఈ ఒక్కసారికి కడిగేసుకుంటా’ అనిపిస్తుంది. థెరపిస్ట్ అక్కడ ‘ఏం కాదులే’ అని ధైర్యం చెప్పరు. ఎందుకంటే ఆ హామీ కూడా కడగడం లాంటిదే. బదులుగా ‘ఇప్పుడు నంబర్ ఎంత?’ అని అడుగుతారు. చాలాసార్లు కడగకపోయినా ఆ నంబర్ దానంతట అదే దిగుతుంది. మర్నాడు అదే పని చేస్తే ఇంకాస్త తక్కువతో మొదలవుతుంది.

కొన్నిసార్లు అంత త్వరగా దిగదు. అయినా సెషన్ వృథా పోయినట్టు కాదు. ‘భయం ఉన్నా నేను ఉండగలిగాను, అనుకున్నంత ఘోరం జరగలేదు’ అన్న కొత్త పాఠం మెదడులో పడటమే ముఖ్యమని ఇప్పటి పరిశోధకులు చెబుతున్నారు. పాత భయం చెరిగిపోదు. దాని పక్కనే బలమైన కొత్త అనుభవం వచ్చి చేరుతుంది. అందుకే ఒకే చోట కాకుండా మెట్రోలో, మార్కెట్లో, ఇంట్లో.. రకరకాల చోట్ల ప్రాక్టీస్ చేయిస్తారు. అసలు పని హోంవర్క్‌లోనే ఉంటుంది. థెరపిస్ట్ దగ్గర వారానికి గంట, మిగతా రోజుల్లో ఇంటి దగ్గర రోజూ.

‘ఎవరినైనా తోసేస్తానేమో’.. బయటికి చెప్పలేని ఆలోచనలు

ఓసీడీలో అందరూ చేతులు కడగరు. ప్లాట్‌ఫాం మీద నిల్చున్నప్పుడు ‘పక్కనున్న ముసలాయన్ని రైలు కిందకి తోసేస్తానేమో’ అన్న ఆలోచన కొందరికి వస్తుంది. కొత్తగా తల్లయిన ఒకామెకి ‘బిడ్డకి నా చేత్తో హాని జరుగుతుందేమో’ అనిపిస్తుంది. ఇంకొందరికి దేవుడి ముందు బూతు మాటలు తోస్తాయి. ఆ ఆలోచనంటే వాళ్లకే అసహ్యం. అందుకే అంత భయం. ‘నేను రాక్షసుణ్నేమో’ అనుకుని ఏళ్ల తరబడి ఎవరికీ చెప్పరు. స్టేషన్‌కి వెళ్లడం మానేస్తారు, కత్తిపీట దాచేస్తారు, బిడ్డని ఎత్తుకోరు.

ఇలాంటి పిచ్చి ఆలోచనలు ఓసీడీ లేనివాళ్లకీ వచ్చిపోతుంటాయి. వాళ్లు పట్టించుకోరు, అంతే. ఓసీడీ ఉన్నవాళ్లు ఆ ఆలోచనకి అర్థం వెతుకుతారు. ఇక్కడ ఈఆర్‌పీ ఎలా చేస్తారంటే.. భయపడే కథని పేషెంట్ చేతే రాయిస్తారు, ఫోన్‌లో రికార్డ్ చేసి రోజూ వినమంటారు. తర్వాత నాంపల్లి స్టేషన్‌లో అందరిలాగే గీతకి ఇవతల నిలబడి, చేతులు జేబులో దాచుకోకుండా రైలు వచ్చేదాకా ఉండటం. నిజంగా ఎవరికైనా హాని చేయాలన్న ఉద్దేశం, ప్లాన్ ఉంటే అది వేరే విషయం. అందుకే మొదట నిపుణుడు చూసి తేల్చడం తప్పనిసరి.

మడి, వజూ.. భక్తికి అడ్డొస్తుందా?

గుడి గంటలు, యూసుఫైన్ దర్గా కవ్వాలీ పక్కపక్కనే వినిపించే ప్రాంతం ఇది. మడి తప్పిందేమోనని నాలుగోసారి తలస్నానం చేసే బామ్మగారు ఒక ఇంట్లో ఉంటే, వజూ సరిగా జరగలేదేమోనని నల్లా దగ్గరే ఉండిపోయి నమాజు టైం దాటిపోయే కుర్రాడు ఇంకో ఇంట్లో ఉండొచ్చు. ఈ అనుమానాన్ని ముస్లిం కుటుంబాల్లో వస్‌వసా అంటారు.

ఈఆర్‌పీ అంటే మతాన్ని వదిలేయమనడం కాదు. ఆచారం ఎన్నిసార్లు చెబుతుందో అన్నిసార్లే చేసి ఆగడం. వజూ ఒకసారి, మడి స్నానం ఒకసారి. ‘సరిగా అయిందా?’ అన్న అనుమానం ఉన్నా అలాగే పూజకో, నమాజుకో వెళ్లిపోవడం. అవసరమైతే ఇంటి పురోహితుణ్నో, మసీదు ఇమాంనో అడిగి హద్దు ఎక్కడో ఒక్కసారి తెలుసుకోమంటారు. రోజూ అడిగితే మాత్రం అది మళ్లీ కంపల్షనే.

ఇంట్లోవాళ్లు తెలియక చేసే పొరపాటు

‘అమ్మా, గ్యాస్ కట్టేశావా?’ ‘కట్టేశాన్రా.’ ‘నిజంగా?’ ‘నిజంగా రా బాబూ.’ ఈ మాటలు రోజుకి ముప్పై సార్లు నడుస్తుంటే ఆ అమ్మ కూడా ఓసీడీ చక్రంలో ఒక భాగమైపోయినట్టే. కొడుకు కోసం నాన్న చెప్పులు గేటు బయటే విప్పి స్నానం చేసి రావడం, చెల్లెలు తలుపు గొళ్లేలు తుడవడం.. అన్నీ ప్రేమతో చేసేవే. కానీ అవి పేషెంట్‌కి కాదు, జబ్బుకి బలం ఇస్తాయి.

అలాగని రేపట్నుంచి ఒక్కసారిగా మొండికేయడం కూడా పని చేయదు. తిట్టడం, ఎగతాళి చేయడం అసలే వద్దు. థెరపిస్ట్‌తో కూర్చుని, పేషెంట్‌కి ముందే చెప్పి, మెల్లగా తగ్గించుకుంటూ రావాలి. ‘అనుమానం మళ్లీ వచ్చినట్టుంది నాన్నా. దాన్ని కాసేపు అలా ఉండనిద్దాం’ అనడం నేర్చుకోవాలి. సమాధానం చెప్పకుండా తోడు మాత్రం ఉండటమన్నమాట.

ఎంతమందికి తగ్గుతుంది? మందులు మానేయొచ్చా?

ఫోవా బృందం 2005లో ప్రచురించిన ట్రయల్‌లో 122 మంది ఉన్నారు. చికిత్స మొదలుపెట్టినవాళ్లలో ఈఆర్‌పీతో 62 శాతం, క్లోమిప్రమిన్ మాత్రతో 42 శాతం, రెండూ కలిపితే 70 శాతం మంది మెరుగయ్యారు. ఉత్తుత్తి మాత్ర ఇచ్చినవాళ్లలో 8 శాతమే. అంటే బాగా పనిచేసే చికిత్సే, కానీ అందరికీ కాదు. కష్టంగా ఉందని మధ్యలో మానేసేవాళ్లూ ఉంటారు. ఒత్తిడి రోజుల్లో లక్షణాలు మళ్లీ తల ఎత్తొచ్చు. అందుకే చివరి సెషన్లలో ‘మళ్లీ వస్తే ఏం చేయాలి’ అన్నది కూడా నేర్పిస్తారు.

మందుల్లో ఫ్లూక్సెటిన్, సెర్ట్రాలిన్, ఫ్లువోక్సమిన్, ఎస్కిటలోప్రామ్ లాంటివి ఎక్కువగా వాడతారు. ఓసీడీకి తరచూ డోసు ఎక్కువ కావాలి, ప్రభావం తెలియడానికి 8 నుంచి 12 వారాలు పట్టొచ్చు. రెండు వారాలకే ‘పనిచేయట్లేదు’ అని మానేయొద్దు. ఈఆర్‌పీ మొదలైందని సొంతంగా మాత్రలు ఆపడమూ ప్రమాదమే. బాగా డిప్రెషన్‌లో ఉన్నవాళ్లకి, ఆత్మహత్య ఆలోచనలు ఉన్నవాళ్లకి ముందు దాని సంగతి చూశాకే ఎక్స్‌పోజర్ మొదలుపెడతారు.

ఆబిడ్స్, నాంపల్లి వాళ్లు ఎక్కడికి వెళ్లాలి?

దగ్గర్లో ఉస్మానియా ఆస్పత్రి సైకియాట్రీ విభాగం ఉంది. మానసిక వైద్యానికే ప్రత్యేకమైన ప్రభుత్వ ఆస్పత్రి ఎర్రగడ్డలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెంటల్ హెల్త్. నాంపల్లిలో మెట్రో ఎక్కితే రెడ్ లైన్‌లోనే ఎర్రగడ్డ స్టేషన్ వస్తుంది, మధ్యలో మారాల్సిన పని లేదు. ‘ఎర్రగడ్డ’ అన్న మాటని తిట్టులా వాడే అలవాటు వల్లే చాలామంది అక్కడికి వెళ్లడానికి వెనకాడతారు. వెళ్లినంత మాత్రాన ఎవరూ అడ్మిట్ చేసేసుకోరు. ఓపీలో చూపించుకుని ఇంటికి వచ్చేయొచ్చు. మందులు, థెరపీ రెండూ వాడినా లొంగని కేసులకి బెంగళూరు నిమ్హాన్స్‌లో ప్రత్యేకంగా ఓసీడీ క్లినిక్ ఉంది.

ప్రైవేట్‌గా వెళ్తే రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో రిజిస్టర్ అయిన క్లినికల్ సైకాలజిస్టేనా అని చూసుకోండి. బోర్డు మీద కౌన్సెలర్ అని ఉన్నంత మాత్రాన ఈఆర్‌పీ వచ్చినట్టు కాదు. మొదటి రోజే మూడు ప్రశ్నలు అడగండి. ఓసీడీకి ఈఆర్‌పీ చేస్తారా? సెషన్‌లో ఎక్స్‌పోజర్ చేయిస్తారా, మాటలతోనే సరిపెడతారా? ఇంటి దగ్గర ఏం చేయాలో రాసిస్తారా? మానసిక ఆరోగ్య చట్టం 2017 ప్రకారం శారీరక జబ్బులతో సమానంగా మానసిక జబ్బులకి కూడా ఇన్సూరెన్స్ ఇవ్వాలి. మీ పాలసీలో ఓపీ, థెరపీ ఖర్చులు కవర్ అవుతాయో లేదో మాత్రం ముందే కనుక్కోండి.

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ హెల్ప్‌లైన్ ఉంది. నంబర్ 14416. ఉచితం, 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. పేరు చెప్పడానికి మొహమాటంగా ఉన్నా సరే, ‘ఒక ఆలోచన వదలట్లేదు’ అన్న ఒక్క మాటతో మొదలుపెట్టినా చాలు.